చిన్న ఊరి జ్వరాల లెక్క: నడిసముద్రపు దీవుల నుంచి మన సుగ్గి పల్లెల దాకా

కర్నూలు జిల్లా కోసిగి మండలంలో మూడు వందల మంది ఉండే చిన్న పల్లె ఒకటి అనుకుందాం. ఈ వారం అక్కడ ఐదుగురికి జ్వరం, దగ్గు. ఇది కంగారు పడాల్సిన సంగతా, ఏటా వచ్చిపోయే రొంపేనా? ఆశా వర్కర్‌ని అడిగితే "సీజన్ కదా సార్, అందరికీ ఉంది" అంటుంది. జిల్లా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాయనకు ఆ ఐదు కనిపించనే కనిపించదు. మండలం మొత్తం అంకెలో కలిసిపోయి ఉంటుంది.

ఈ ప్రశ్నతో అందరికంటే ఎక్కువగా తల పట్టుకున్నవాళ్లు చిన్న చిన్న దీవుల్లో పనిచేసే నర్సులు, డాక్టర్లు. వాళ్ల దగ్గర పెద్ద ఆసుపత్రి ఉండదు, వైరస్ పరీక్ష చేసే ల్యాబ్ ఉండదు, జనం కొన్ని వందలో కొన్ని వేలో. అయినా ఫ్లూ ఎలా వస్తుంది, ఎలా పాకుతుంది, ఎప్పుడు ఆగుతుంది అనే విషయాలు మనకు బాగా అర్థమైంది అలాంటి చోట్ల రాసిపెట్టిన లెక్కల వల్ల కూడా. ఏటా సుగ్గికి, అంటే దూరపు ఊళ్లకు పంట కోత కూలికి, వలస పోయే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెలకు సముద్రం ఆమడ దూరంలో కూడా లేదు. కానీ జ్వరం వచ్చే తీరు చూస్తే ఆ పల్లెలూ దీవులే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు అసలు దీవుల దగ్గరికి వెళ్లాలి.

ట్రిస్టన్ డా కున్హా అనే దీవి దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో ఉంది. అక్కడి నుంచి మనుషులు కాపురముండే మరో చోటికి పోవాలంటే రెండు వేల కిలోమీటర్లు దాటాలి. విమానాలు దిగవు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం పడుతుంది. 1971 ఆగస్టులో అలాంటి ఓడ ఒకటి దీవికి వచ్చింది. కేప్‌టౌన్ వెళ్లి తిరిగొస్తున్న దీవి మనుషులు కొందరు అందులో ఉన్నారు. వాళ్లలో కొందరికి దారిలోనే దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. చాలా రోజుల తర్వాత సొంతవాళ్లు వచ్చారని బంధువులంతా చుట్టూ చేరారు. అప్పుడు దీవిలో ఉన్నది 284 మంది. వాళ్లలో 273 మందికి జ్వరం వచ్చింది. అంటే నూటికి 96 మంది. అది తగ్గిందనుకునేలోపు రెండో విడత మొదలైంది. అందులో 92 మంది, మొదటిసారి పడి లేచినవాళ్లే, మళ్లీ మంచం పట్టారు.

ఒకసారి ఫ్లూ వచ్చి తగ్గితే ఆ వైరస్‌ను ఒళ్లు గుర్తుపెట్టుకుంటుందని, కొన్ని వారాల్లోనే మళ్లీ రాదని సాధారణంగా అనుకుంటాం. ట్రిస్టన్ లెక్క ఆ నమ్మకాన్ని ప్రశ్నించింది. కొందరిలో రోగనిరోధక శక్తి పుట్టడానికి ఎక్కువ రోజులు పట్టిందా, కొందరిలో అసలు పుట్టలేదా, ఈలోగా వైరస్ కొద్దిగా మారిందా అని నలభై ఏళ్ల తర్వాత కూడా శాస్త్రవేత్తలు ఆ అంకెలను తీసి గణిత నమూనాలు కట్టారు. లండన్‌లోనో ముంబైలోనో జరిగి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చింది, రెండోసారి వచ్చింది ఎవరికి అని ఊరంతటినీ పేరు పేరునా రాయగలిగేది అందరూ అందరికీ తెలిసిన చోటే.

ఓడ ఎన్ని రోజులకు వస్తుంది?

ఫ్లూ వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు కనిపించడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది, ఎక్కువమందిలో రెండు. జ్వరం తెలియడానికి ఒక రోజు ముందే ఆ మనిషి పక్కవాళ్లకు అంటించగలడు. ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల వరకు అంటిస్తూనే ఉంటాడు. సగటున ఒకరి నుంచి ఇంకొకరికి పాకడానికి మూడు రోజులు వేసుకోవచ్చు. ఈ వైరస్ బతకాలంటే కొత్త మనిషి దొరుకుతూనే ఉండాలి. మూడు వందల మంది ఉన్న చోట, వచ్చేవాళ్లకు వచ్చాక, నెలా రెండు నెలల్లో కొత్త మనిషి దొరకడు. గొలుసు తెగిపోతుంది. ఆ తర్వాత ఆ ఊళ్లో మళ్లీ ఫ్లూ కనిపించిందంటే బయటి నుంచి వచ్చినట్టే.

తట్టు విషయంలో దీన్ని చాలా జాగ్రత్తగా లెక్కకట్టారు. దీవుల రికార్డులు, ఇంగ్లండ్ నగరాల రికార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే, తట్టు ఒక చోట తెగిపోకుండా ఏడాది పొడవునా తిరుగుతూ ఉండాలంటే అక్కడ రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల జనం ఉండాలని తేలింది. అంతకంటే చిన్న చోట అది చచ్చిపోయి, బయటి నుంచి మళ్లీ రావాల్సిందే. ఫ్లూ ఏటేటా రూపు మార్చుకుంటుంది కాబట్టి దానికి అంత సూటిగా ఒక అంకె కుదరదు. సూత్రం మాత్రం అదే.

కాబట్టి దీవికి రోగం వస్తుందా రాదా అన్నది ప్రయాణం ఎన్ని రోజులన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఓడలో ఉన్నది పదిమందైతే, నెల రోజుల ప్రయాణమైతే, ఫ్లూ దారిలోనే అందరినీ చుట్టేసి ఆరిపోతుంది. ఓడలో ఐదు వందల మంది ఉంటే గొలుసు సాగుతూ రేవు దాకా వస్తుంది. ఈ లెక్కలో మనవాళ్లూ ఉన్నారు. 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా అరవై వేల మందికి పైగా భారతీయులను ఫిజీకి తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరాయి, వాటిలో తెలుగువాళ్లూ ఎక్కారు. తెరచాప ఓడలకు రెండు నెలలు దాటే ప్రయాణం, ఆవిరి ఓడలు వచ్చాక నెల రోజులకు తగ్గింది. ప్రయాణం తగ్గిన కొద్దీ రోగం ప్రాణంతో రేవు చేరే అవకాశం పెరిగింది. 1879లో మొదట వెళ్లిన లియోనిడాస్ ఓడలోనే కలరా, మశూచి బయటపడ్డాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 1875లో, సిడ్నీ నుంచి వచ్చిన ఓడ తెచ్చిన తట్టు ఫిజీలో వేలమందిని పొట్టనపెట్టుకుంది. ఆ దెబ్బ గుర్తుంది కాబట్టి లియోనిడాస్‌లో వచ్చినవాళ్లను నేరుగా ఊళ్లోకి రానివ్వకుండా పక్కనున్న చిన్న దీవిలో ఉంచారు.

ఇక విమానం వచ్చాక ఈ రక్షణ పూర్తిగా పోయింది. ఆక్లాండ్ నుంచి సమోవాకు నాలుగు గంటలు కూడా పట్టదు. అంటించుకున్న మనిషి ఒంట్లో లక్షణాలు పుట్టకముందే దిగిపోతాడు. 2009లో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొదట దొరికింది కూడా అమెరికా నుంచి వచ్చి హైదరాబాద్‌లో దిగిన ప్రయాణికుడిలోనే. గుంటూరు మిరప చేలల్లో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి కోసిగిలో ఉంటారు. ఉమ్మడి కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు సాయంత్రం అక్కడ ఎక్కి మర్నాటికి ఇంట్లో భోజనం చేస్తారు.

రెండు సమోవాలు

దీవుల్లో ఫ్లూ గురించి ఎవరు రాసినా 1918 సమోవా దగ్గర ఆగుతారు. నేనూ కొంచెంసేపు ఆగుతాను. సాధారణంగా ఈ కథను క్వారంటైన్ కథగా చెబుతారు. నాకు మాత్రం ఇది కబురు అందడం, అందకపోవడం గురించిన కథ.

పసిఫిక్‌లో సమోవా దీవులు అప్పటికి రెండు ముక్కలు. పడమటి సమోవా న్యూజిలాండ్ సైనిక పాలన కింద, తూర్పు సమోవా అమెరికా నౌకాదళం కింద ఉండేవి. మధ్యలో పెద్ద దూరం లేదు. 1918 నవంబర్ 7న టాలూన్ అనే ఓడ ఆక్లాండ్ నుంచి ఫిజీ మీదుగా పడమటి సమోవాలోని ఆపియా రేవుకు వచ్చింది. ఆక్లాండ్‌లో అప్పటికే ఫ్లూ విజృంభిస్తోంది. ఓడలో జ్వరంతో ఉన్నవాళ్లున్నారు. ఫిజీ రేవులో దాన్ని ఆంక్షలతో నిలిపారు. ఆ సంగతి ఆపియా అధికారులకు ఎవరూ చెప్పలేదు. ఓడను మామూలుగానే రానిచ్చారు, జనం దిగారు. తర్వాతి వారాల్లో సుమారు 8,500 మంది చనిపోయారు. అంటే అక్కడి జనాభాలో ఐదో వంతుకు పైనే. ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచాన పడితే నీళ్లిచ్చే మనిషి కూడా లేక పోయినవాళ్లు ఎందరో. ఆ ఓడే టోంగా దీవులకూ రోగాన్ని మోసుకెళ్లింది.

తూర్పు సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ వైర్‌లెస్‌లో అందిన వార్తలను బట్టి ముందే మేలుకున్నాడు. వచ్చిన ఓడలను ఆపాడు, మనుషులను కొన్ని రోజులు విడిగా ఉంచాడు, పడమటి సమోవా నుంచి పడవలు రాకుండా తీరం వెంబడి ఊళ్లవాళ్లనే కాపలా పెట్టాడు. అక్కడ ఫ్లూ వల్ల ఒక్క మరణం కూడా లేదు. ఒకే జాతి, ఒకే భాష, ఒకే వాతావరణం. అప్పటికి రెండు చోట్లా మందు లేదు, టీకా లేదు. తేడా అంతా ఓడ కంటే ముందు కబురు చేరడంలో, చేరిన కబురు మీద ఎవరైనా లేచి పని చేయడంలో ఉంది. 2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్, తమ దేశం సమోవాను పాలించిన కాలంలో జరిగిన తప్పులకు అక్కడి ప్రజలను క్షమాపణ కోరినప్పుడు టాలూన్ సంగతి కూడా అందులో ఉంది.

ఐస్‌లాండ్‌లోనూ అదే ఏడాది ఇలాంటిదే జరిగింది. రాజధాని రేక్యవిక్‌ను ఫ్లూ ముంచెత్తితే, ఉత్తరాన, తూర్పున ఉన్నవాళ్లు దారుల మీద కాపలా పెట్టి తప్పించుకున్నారు. 2020 మార్చిలో మన పల్లెల్లో పొలిమేర దారికి అడ్డంగా ముళ్లకంప వేసింది ఇంచుమించు ఇదే ఆలోచనతో. అయితే కంప వేయడం రోగాన్ని శాశ్వతంగా ఆపే పని కాదు, సమయం కొనుక్కునే పని. గట్టిగా దారులు మూసినా రోగం కొన్ని వారాలో నెలలో, మహా అయితే ఒకటి రెండేళ్లో ఆలస్యమవుతుంది, అంతే. టోంగా కోవిడ్‌ను దాదాపు రెండేళ్లు ఆపింది. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి, సహాయం మోసుకొచ్చే ఓడలకు రేవులు తెరిచాక కేసులు మొదలయ్యాయి. ఆ రెండేళ్లలో టీకాలు వేసుకున్నారు కాబట్టి ఆలస్యం పనికొచ్చింది. ఆ టైంలో ఏమీ చేయకుండా కూర్చుంటే కంప వేసి లాభం లేదు.

ఇప్పుడు ఎలా కనిపెడుతున్నారు?

పసిఫిక్ దీవుల్లో 2010 నుంచి ఒక వారపు లెక్క నడుస్తోంది. పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. ఎంపిక చేసిన క్లినిక్‌లలో నర్సు వారం పొడవునా ముఖ్యంగా నాలుగు రకాల లక్షణాలను లెక్కపెడుతుంది: ఒంటిమీద దద్దుర్లతో జ్వరం, విరేచనాలు, ఫ్లూ లాంటి జబ్బు, ఎక్కువ రోజులు తగ్గని జ్వరం. ఏ వైరస్సో, ఏ బాక్టీరియానో ఆమె చెప్పనక్కర్లేదు. వారం ముగిశాక ఆ అంకెలు పైకి పంపితే చాలు.

ఫ్లూ లాంటి జబ్బు అంటే ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత ఒకటుంది: థర్మామీటర్‌లో 38 డిగ్రీల సెల్సియస్, అంటే సుమారు 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, దానితో పాటు దగ్గు, మొదలై పది రోజులు దాటకూడదు. ఇందులో జ్వరం తప్పనిసరి అన్నది ముఖ్యం. మిరప కోతకు వెళ్లొచ్చిన మనిషి ఘాటుకు వారాల తరబడి దగ్గుతూనే ఉంటాడు. పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాళ్లదీ అదే పరిస్థితి. దగ్గును మాత్రమే లెక్కపెడితే ఉగాది ముందు పశ్చిమ కర్నూలు మొత్తం ఫ్లూతో మూలుగుతున్నట్టు కనబడుతుంది. కొలత ఒకటే ఉంటే ఈ వారం అంకెను పోయిన వారంతో, ఈ ఊరిని పక్క ఊరితో పోల్చగలం.

ఈ వారపు లెక్కలో నాకు బాగా నచ్చిన నియమం సున్నా గురించినది. కేసులు లేకపోతే లేవని రాసి పంపాలి, ఊరుకోకూడదు. సున్నా వచ్చిందంటే నర్సు ఉంది, క్లినిక్ తెరిచింది, చూసింది, రోగులు లేరు. ఏమీ రాకపోతే నర్సు సెలవులో ఉండొచ్చు, తుపానుకు ఫోన్ టవర్ పడిపోయి ఉండొచ్చు, లేదా రోగులు ఎక్కువై రాసే తీరిక లేకపోయి ఉండొచ్చు. ఆఖరి కారణమే భయపెట్టేది. అసలు గండం ఉన్న చోటి నుంచే కాగితం రాదు. అందుకే ఎంతమందికి జ్వరం అనే అంకెతో పాటు, ఎన్ని క్లినిక్‌లు టైంకి పంపాయి అనే అంకెనూ ప్రతి వారం చూస్తారు. పంపని చోటికి ఫోన్ చేస్తారు.

మన దగ్గర ఇలాంటి ఏర్పాటు లేదనుకోకండి. రోగాల మీద నిఘా కోసం 2004లో మొదలైన ఐడీఎస్పీ అనే కేంద్ర పథకం కింద ఏఎన్ఎం ఎస్ ఫారం, డాక్టర్ పీ ఫారం, ల్యాబ్ ఎల్ ఫారం నింపి పంపేవాళ్లు. 2021 నుంచి అదంతా ఐహెచ్ఐపీ అనే పోర్టల్‌లోకి మారింది, ఊరి పేరుతో సహా నమోదవుతుంది. పుస్తకాలూ యాప్‌లూ ఉన్నాయి. వాటిలో పడే అంకెను ఎలా చదవాలన్నదే మిగిలిన చిక్కు.

ఐదు ఎక్కువా, తక్కువా?

మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. మూడు వందల జనంలో ఒక్కరికి జ్వరమొస్తే లక్షకు 333 అని లెక్క వస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఆదోని పట్టణ జనాభా లక్షా 66 వేల పైచిలుకు. అదే రేటు అక్కడ ఉంటే 550 మంది జ్వరంతో ఉన్నట్టు, పేపర్లో మొదటి పేజీ వార్త. పల్లెలో అది ఒక్క మనిషి. అందుకే చిన్న చోట లక్షకు ఇంత అనే రేటును నమ్ముకోకూడదు. తలలు లెక్కపెట్టాలి.

తలలు లెక్కపెట్టినా ఇంకో ఇబ్బంది ఉంది. ఆ పల్లెలో మామూలు రోజుల్లో వారానికి సగటున ఇద్దరికి ఇలాంటి జ్వరం వస్తుందనుకుందాం. సగటు రెండంటే ప్రతి వారం సరిగ్గా ఇద్దరని కాదు. ఒక వారం సున్నా, ఒక వారం ముగ్గురు, ఇంకో వారం ఒక్కరు. కొత్త రోగం ఏమీ రాకపోయినా, కేవలం యాదృచ్ఛికంగా ఐదుగురు లేదా అంతకు మించి వచ్చే వారాలు ఇరవైకి ఒకటి ఉంటాయి. అంటే ఏడాదిలో రెండు మూడు. ఒక్క పల్లెకు ఇంత. పీహెచ్‌సీ కింద అలాంటి పల్లెలు ఇరవై ఉంటే, ఏ వారం చూసినా సగటున ఒక పల్లె ప్రమాద గీత దాటినట్టు ఎర్రగా కనిపిస్తుంది. ప్రతిసారీ జీపు పంపితే నాలుగో నెలకు డ్రైవర్ కూడా నమ్మడు. పంపకుండా వదిలేస్తే నిజంగా వచ్చిన రోజు పట్టించుకునే నాథుడు ఉండడు.

వరుసగా రెండు వారాలు పెరిగితేనే కదులుదాం అనుకోవచ్చు. యాదృచ్ఛికంగా రెండు వారాలు వరుసగా అలా రావడం నాలుగు వందలకు ఒకసారే కాబట్టి తప్పుడు కేకలు బాగా తగ్గుతాయి. కానీ ఫ్లూ మూడు రోజులకొకసారి చేతులు మారే రోగం. రెండు వారాలు ఆగితే నాలుగైదు తరాలు దాటిపోతుంది. ఇద్దరితో మొదలైంది ఊళ్లో చాలా ఇళ్లకు చేరి ఉండొచ్చు.

దీవులవాళ్లు దీనికి కనిపెట్టిన దారి గణితం కంటే ఫోన్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. అంకె గీత దాటగానే బృందాన్ని పంపరు, ఊరికే కూడా ఉండరు. ముందు నర్సుకు ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఐదుగురూ ఒకే ఇంటివాళ్లా, ఐదు ఇళ్లవాళ్లా? ఒకే ఇంట్లో ఐదుగురంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టు, ఐదు ఇళ్లలో ఒక్కొక్కరంటే ఊళ్లో ఇప్పటికే తిరుగుతున్నట్టు. బడిలో ఎంతమంది పిల్లలు రాలేదు? వయసులో ఉన్నవాళ్లు కూడా పడ్డారా? ఊపిరాడక పెద్దాసుపత్రికి పంపినవాళ్లు ఉన్నారా? ఆఖరిది, వాళ్లకు చాలా ముఖ్యమైనది: ఈ పది రోజుల్లో ఓడ గానీ విమానం గానీ వచ్చిందా, ఎవరు దిగారు? ఐదు నిమిషాల మాటల్లో ఐదు అనే అంకెకు అర్థం వచ్చేస్తుంది.

ల్యాబ్ సంగతి దీని తర్వాతే. ప్రతి రోగి ముక్కులోంచి శాంపిల్ తీయరు. మొదట వచ్చిన కొందరి శాంపిళ్లలో ఫ్లూ అని, ఏ రకమో అని తేలితే, ఆ తర్వాత లక్షణాలను బట్టే లెక్కపెడతారు. ఒకప్పుడు ఆ శాంపిళ్లు ఐస్ పెట్టెల్లో వారానికొకసారి వచ్చే విమానం కోసం ఎదురుచూసి ఆస్ట్రేలియాకో న్యూజిలాండ్‌కో పోవాల్సి వచ్చేది. ఈమధ్య టీబీ కోసం పెట్టిన జీన్‌ఎక్స్‌పర్ట్ మిషన్లలోనే ఫ్లూ, కోవిడ్ పరీక్షలు కూడా అక్కడికక్కడే చేస్తున్నారు. మన ప్రభుత్వాసుపత్రుల్లో సీబీనాట్ అని పిలిచేది అదే మిషన్. కావాల్సిన కార్ట్రిడ్జ్ ఉంటే చాలు. పదిహేను నిమిషాల్లో చెప్పే ర్యాపిడ్ కిట్లు కూడా ఉన్నాయి గానీ, ఫ్లూ ఉన్నా లేదని చూపించడం వాటిలో ఎక్కువ. పాజిటివ్ అంటే నమ్మొచ్చు, నెగెటివ్ అంటే ఊపిరి పీల్చుకోకూడదు.

బండి దిగే వారం

ఇప్పుడు మన పల్లెలకు వద్దాం. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల్లో ఖరీఫ్ పని అయిపోయాక సుగ్గికి పోతారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీతకు, తర్వాత మిరప కోతకు. పెళ్లాం పిల్లలతో, వంట సామానుతో ఐచర్ బండ్లెక్కుతారు. చేను గట్టున పట్టలు కప్పిన గుడిసెల్లో కుటుంబాలు కుటుంబాలు పక్కపక్కనే పడుకుంటాయి. ఊళ్లో ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు, వాళ్ల దగ్గర వదిలిన పిల్లలు. ఉగాదికి బండ్లు తిరిగొస్తాయి. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది, జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలం చివర మరోసారి. సుగ్గి గుడిసెల్లో ఉండే నెలలు సరిగ్గా మొదటి పెరుగుదల నెలలే.

ఈ రాకపోకల వల్ల లెక్క రెండు రకాలుగా తప్పుతుంది. ఫిబ్రవరిలో ఊళ్లో జ్వరాలు తగ్గినట్టు కనబడతాయి, ఎందుకంటే సగం జనమే లేరు. రికార్డులో మాత్రం జనాభా అంతే ఉంటుంది. ఉగాది వారంలో జ్వరాలు రెట్టింపైతే రోగం పెరిగిందో, మనుషులే పెరిగారో అంకె ఒక్కటే చూస్తే తెలియదు. దీవుల్లోనూ ఇదే. క్రిస్మస్‌కు విదేశాల్లో ఉన్న బంధువులంతా వస్తే క్లినిక్ ముందు వరుస పెరుగుతుంది. అందుకే ఈ వారం ఊళ్లో ఎందరున్నారో అంచనాగా అయినా రాసుకోవాలి. అసలు దెబ్బ తినేది కూడా సుగ్గికి పోనివాళ్లే. ఫ్లూ వల్ల ప్రాణం మీదికొచ్చేది ఎక్కువగా అరవై ఐదు దాటినవాళ్లకు, చిన్న పిల్లలకు, గర్భిణులకు, షుగర్, ఆయాసం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు. బండి దిగిన వయసువాడు మూడు రోజుల్లో లేచి పనికిపోతాడు. ఆ మూడు రోజులూ అతను పడుకునేది అవ్వ పక్కనే.

దీవికీ మన పల్లెకూ ఒక పెద్ద తేడా ఉంది, అది మనకు నష్టం కలిగించేది. ట్రిస్టన్‌లో జ్వరమొస్తే వెళ్లడానికి ఒకే చిన్న ఆసుపత్రి. ఊరంతటికీ ఒకే వాకిలి, అక్కడ కూర్చుంటే వచ్చేవాళ్లందరూ కనబడతారు. మన దగ్గర జ్వరమొస్తే మొదట మెడికల్ షాపుకెళ్లి డోలో తెచ్చుకుంటారు. తగ్గకపోతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది. అప్పటికీ తగ్గకపోతే ఆదోనికో ఎమ్మిగనూరుకో ప్రైవేటు డాక్టర్ దగ్గరికి. ఇక లాభం లేదంటే కర్నూలు పెద్దాసుపత్రికి. పీహెచ్‌సీ పుస్తకంలో పడేది వీళ్లలో కొందరే. ఆర్ఎంపీ చూసిన జ్వరాలు ఏ పోర్టల్‌లోనూ లేవు. చట్టం దృష్టిలో ఆయన డాక్టర్ కాదు కాబట్టి ఆయన్ని అడగడానికి అధికారులకు ఇబ్బంది. నాకు మాత్రం ఆయన్ని అడగకపోవడమే పెద్ద ఇబ్బందిగా కనిపిస్తుంది. వైద్యం చేయమని ఆయనకు అనుమతి ఇవ్వాల్సిన పని లేదు, ఈ వారం జ్వరం దగ్గుతో ఎందరొచ్చారని అడిగితే చాలు. మెడికల్ షాపులో జ్వరం బిళ్లలు ఎన్ని షీట్లు పోయాయి, బడిలో హాజరు ఎంత అనేవీ అంతే. వేరే దేశాల్లో మందుల అమ్మకాలను, బడి హాజరును ఇలా గమనించడం ఎప్పటి నుంచో ఉంది.

నల్లమలలో ఆత్మకూరు, శ్రీశైలం వైపు చెంచు గూడేల పరిస్థితి ఇంకా దీవికి దగ్గర. జనం తక్కువ, దారి ఒకటే, బయటివాళ్లతో కలయిక కొద్ది. పండక్కో శివరాత్రి యాత్రకో ఒక్కసారిగా వేలమంది అటు వస్తారు. అండమాన్‌లో గ్రేట్ అండమానీలు యాభై మంది చిల్లర మాత్రమే మిగిలారు. 2020 ఆగస్టులో వాళ్లలో పదిమందికి కోవిడ్ వచ్చినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. అంత చిన్న గుంపుకు ఒక్క చెడ్డ సీజన్ చాలు. గూడేల్లో సున్నా కూడా రాసి పంపాలన్న నియమం మైదానంలో కంటే గట్టిగా ఉండాలని నేను అనేది అందుకే.

చిన్న చోట లెక్క రాసేటప్పుడు మరువకూడనిది ఇంకొకటుంది. "గుంటూరు నుంచి వచ్చిన 32 ఏళ్ల మహిళ, ఒక కేసు" అని కర్నూలు నగరం గురించి రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మూడు వందల మంది ఊళ్లో అది పేరు రాసినట్టే. ఆ సాయంత్రానికి బోరింగు దగ్గర ఆమె నీళ్లు పట్టుకునే వరస మారిపోతుంది. 2020లో పట్టణాల నుంచి తిరిగొచ్చినవాళ్లు ఊరి బయట కళ్లాల్లో పడుకున్న రోజులు చాలామందికి గుర్తే. అలా ఒకసారి వెలి వేస్తే తర్వాతిసారి జ్వరమొచ్చినా చెప్పరు, లెక్కే ఆగిపోతుంది. అందుకే చిన్న చోటి అంకెలను బయటికి చెప్పేటప్పుడు కొన్ని ఊళ్లను కలిపి చెప్పడం, వయసును పదేళ్ల గుంపుల్లో చెప్పడం మంచిది. ఊరి స్థాయి అంకె ఏఎన్ఎంకు, డాక్టర్‌కు తెలిస్తే సరిపోతుంది, వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సిన పని లేదు.

టీకా గురించి క్లుప్తంగా. ఫ్లూ టీకా దాదాపు ఏటా మారుతుంది, మన దగ్గర ప్రభుత్వం ఉచితంగా వేసే మామూలు జాబితాలో లేదు. కొనుక్కోగలిగినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు, ఆయాసం ఉన్నవాళ్లకు డాక్టర్‌ని అడిగి వేయించుకోవచ్చు. ఒళ్లు దాన్ని అందుకోవడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి జ్వరాలు మొదలయ్యాక పరిగెత్తితే పెద్దగా ఉపయోగం ఉండదు.

చేయగలిగిన పని ఇంకొకటి ఉంది, దానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. దీవుల్లో రేవు అధికారికి ఏ ఓడ ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది, ఆ తేదీని క్లినిక్‌కు కూడా చేరవేయొచ్చు. ఓడ వచ్చాక పది రోజులు నర్సు రోజూ లెక్క చూసుకోవచ్చు, మిగతా రోజుల్లో వారానికొకసారి. మన పల్లెల్లో ఆ తేదీ తెలిసిన మనిషి కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ. ఏ చేను కోత ఎప్పుడు అయిపోతుందో, బండి ఏ రాత్రి బయలుదేరుతుందో, అందులో ఎన్ని కుటుంబాలు ఎక్కుతాయో ఆయన ఫోన్లో ఉంటుంది. గుడిసెల్లో ఎవరికైనా జ్వరం తగిలిందా అన్నదీ మొదట తెలిసేది ఆయనకే. ఏఎన్ఎం దగ్గర తన ఊరి మేస్త్రీల నంబర్లు ఉండి, మిరప కోత ఆఖరి వారంలో ఒకసారి ఫోన్ చేస్తే, బండి ఊళ్లో దిగే తేదీ పుస్తకంలో ముందే పడుతుంది. ఆ తేదీ నుంచి పది రోజులు ఆశా వర్కర్ ఇళ్లు తిరిగేటప్పుడు ముసలివాళ్లు ఉన్న ఇళ్లకు ముందు వెళ్లవచ్చు.